చలికాలం రోడ్ బైక్‌కి ట్యూబ్‌లెస్ రిమ్ ఎలా ఎంచుకోవాలి: వేళ్ళు కొంకర్లు పోయినా టైరు ఊడి రావాలి

ఇది యూకేలో ఉంటూ చలికాలం కూడా రోడ్ బైక్ ఆపకుండా తొక్కేవాళ్ళ కోసం రాస్తున్నా. రీడింగ్, స్లౌ, మిల్టన్ కీన్స్ వైపు మనవాళ్ళు చాలామందే ఉన్నారు కదా, ఎండాకాలమంతా తొక్కి అక్టోబర్ చివర్లో గడియారం గంట వెనక్కి తిప్పగానే బైక్ షెడ్‌లో పెట్టేసేవాళ్ళు ఎక్కువ, కానీ కొందరికి ఆగబుద్ధి కాదు. వాళ్ళకి ముందు ఎదురయ్యేది పంక్చర్లు, ఆ తర్వాత వచ్చే డౌటు ట్యూబ్‌లెస్‌కి (లోపల ట్యూబ్ లేకుండా, రంధ్రాల్ని మూసే సీలెంట్ అనే ద్రవం పోసి నడిపే టైరు) మారాలా, మారితే ఏ రిమ్ (టైరు ఎక్కే చక్రపు చట్రం) కొనాలి అని. షాపుకి వెళ్తే జత ఎన్ని గ్రాములు, రిమ్ ఎంత లోతు, ఎన్ని వాట్లు మిగుల్తాయి ఇవే చెప్తారు. చలికాలం రిమ్‌కి ఇవేవీ పెద్దగా పనికిరావు.

నేను చూసేది ఒక్కటే. బయట 3 డిగ్రీలు, సన్నగా తుంపర, సాయంత్రం నాలుక్కే చీకటి పడిపోతోంది, వేళ్ళు కొంకర్లు పోయాయి, సీలెంట్‌తో ఆగని కోత పడింది. అప్పుడు రోడ్డు పక్కన నిలబడి ఆ టైరుని మీ బొటనవేళ్ళతో ఊడదీసి, ట్యూబ్ పెట్టి, మళ్ళీ ఎక్కించగలరా? ఎక్కించగలిగితే అది చలికాలం రిమ్. లేదంటే అది ఎంత ఖరీదైనదైనా ఎండాకాలానికే పరిమితం.

అసలు చలికాలంలో పంక్చర్లు ఎందుకు ఎక్కువ అంటే మూడు కారణాలు. ఒకటి ముళ్ళు: ఇంగ్లండ్‌లో పొలాల గట్ల వెంట ఉండే ముళ్ళ కంచెల్ని మార్చి నుంచి ఆగస్టు చివరిదాకా కొట్టకూడదు, పక్షుల గూళ్ళ కోసం, అందుకని రైతులు సెప్టెంబర్ నుంచి ఫిబ్రవరి లోపు ట్రాక్టర్ పెట్టి కొట్టేస్తారు, ఆ హాథార్న్ ముళ్ళు, బ్లాక్‌థార్న్ ముళ్ళు అన్నీ చిన్న రోడ్ల మీద పరుచుకుంటాయి. రెండోది చెకుముకి రాళ్ళు, చిల్టర్న్స్ లాంటి సుద్దనేల ఉన్న చోట వానకి మట్టి కొట్టుకొచ్చి ఈ రాళ్ళ పెచ్చులు రోడ్డెక్కుతాయి, గాజు పెంకంత పదును, తడిసిన రబ్బరు పొడి రబ్బరు కంటే తేలిగ్గా తెగుతుంది కూడా. మూడోది గుంతలు. నీళ్ళు పగుళ్ళలోకి దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బి, తారుని లేపేస్తాయి, జనవరి ఫిబ్రవరికి రోడ్డు రోడ్డులా ఉండదు. ముళ్ళకి ట్యూబ్‌లెస్ బ్రహ్మాండంగా పనిచేస్తుంది. చెకుముకి కోతకి సగం సగం. గుంతకి మాత్రం రిమ్మే సమాధానం చెప్పుకోవాలి.

ఇవి కాక ఉప్పు. గడ్డకట్టే సూచన ఉన్న రాత్రి కౌన్సిల్ లారీలు రోడ్డు మీద రాతి ఉప్పు చల్లుతాయి, ఆ గోధుమరంగు ఉప్పులో చాలా భాగం చెషైర్‌లోని విన్స్‌ఫర్డ్ గని నుంచి వచ్చేదే. ఆ ఉప్పునీళ్ళు మీ చక్రంలో ఎక్కడెక్కడికి చేరతాయో దాన్నిబట్టి కూడా రిమ్ ఎంచుకోవాలి, అది కింద చెప్తా.

మొదటి పని: మీ బ్రేకులు ఏంటో చూడండి

డిస్క్ బ్రేకులైతే ఈ భాగం వదిలేసి ముందుకెళ్ళండి. రిమ్ బ్రేకులైతే మాత్రం కాస్త ఆగండి. చలికాలం రోడ్డు మీది తడి ఇసుక బ్రేక్ ప్యాడ్‌లో ఇరుక్కుని, మీరు బ్రేక్ పట్టిన ప్రతిసారీ రిమ్ గోడని అరగదీస్తుంది, ఆ చప్పుడు వింటే పళ్ళు జివ్వుమంటాయి. కొండలున్న చోట వారం వారం తొక్కేవాళ్ళకి ఒక్కో రిమ్ రెండు శీతాకాలాలు కూడా రాదు. అందుకని రిమ్ బ్రేక్ బైక్‌కి చలికాలంలో ఖరీదైన రిమ్ పెట్టకండి, కార్బన్ రిమ్ అసలొద్దు, తడిలో బ్రేక్ పట్టుకునేలోపు మీరు కూడలి దాటేస్తారు. అల్యూమినియం రిమ్, మామూలు గుండ్రటి స్పోకులు, 28 లేదా 32 రంధ్రాలు, అరిగిపోతే రిమ్ ఒక్కటే మార్పించుకుని హబ్ (చక్రం మధ్యలో తిరిగే భాగం) ఉంచుకునేలా ఉండాలి. బ్రేక్ గోడ మీద చిన్న గుంటో గీతో ఉంటుంది, అది కనపడకుండా పోయిందంటే రిమ్ పని అయిపోయినట్టే. స్కేలు అంచు ఆనించి చూస్తే గోడ లోపలికి వంపు తిరిగినట్టు కనిపిస్తుంది, అలా కనిపిస్తే గీత మిగిలున్నా కొత్తది వెతుక్కోండి, ఎందుకంటే ఆ గోడే టైరుని పట్టుకునేది, లోపలి గాలి దాన్ని బయటికి తోస్తూనే ఉంటుంది.

ఇంకోటి, కొత్త ట్యూబ్‌లెస్ రిమ్‌లు బయటి కొలత కూడా వెడల్పే, పాత కాలిపర్‌లు (రిమ్‌ని రెండు పక్కలా నొక్కే బ్రేకులు) అంత తెరుచుకోవు. కొనేముందు మీ బ్రేక్ చేతులు ఎంత విప్పుకుంటాయో కొలిచి చూస్కోండి. చలికాలానికి బైకే మార్చే ఆలోచన ఉంటే డిస్క్‌కి వెళ్ళిపోండి, ఈ గోలంతా ఉండదు.

రెండోది: ఫ్రేమ్‌లో చోటు, మడ్‌గార్డ్‌తో కలిపి

ఇది చాలామంది మర్చిపోతారు. ఇక్కడ చలికాలం క్లబ్ రైడ్‌కి మడ్‌గార్డ్ లేకుండా వెళ్తే మీ వెనకాల వచ్చేవాళ్ళు మొహమాటానికి ఏమీ అనరు గానీ మెల్లగా ఎవరూ మీ వెనక తొక్కరు. మడ్‌గార్డ్ పెడితే చోటు తగ్గుతుంది, రిమ్ వెడల్పు పెరిగితే టైరు ఉబ్బుతుంది, రెండూ కలిస్తే చక్రం తిరగదు.

లెక్క ఇలా. రిమ్ లోపలి వెడల్పు ఒక ఎంఎం పెరిగితే టైరు సుమారు 0.4 ఎంఎం వెడల్పవుతుంది. టైరు మీద 28 అని రాసున్నా వెడల్పు రిమ్ మీద అది 29, 30 దాకా పోతుంది. 35 ఎంఎం మడ్‌గార్డ్‌లు 28 టైరు వరకే అని కంపెనీలు చెప్తాయి, దాన్ని దాటితే 45 ఎంఎంవి కావాలి, అవి మీ ఫోర్క్ కింద పడతాయా లేదా అన్నది వేరే ప్రశ్న. టైరుకీ దాని చుట్టూ ఉన్నవాటికీ మధ్య కనీసం 4 ఎంఎం ఖాళీ ఉండాలి, బురద, తడి ఆకులు ఇరుక్కుంటాయి కాబట్టి ఇంకాస్త ఉంటే మంచిది. నవంబర్‌లో ఆకులు రాలి మడ్‌గార్డ్ లోపల ముద్దలా చేరతాయి, ఖాళీ లేకపోతే ముందు చక్రం బర్రుమని రాసుకుంటూ ఉంటుంది.

కాబట్టి ముందు రిమ్ కాదు, ముందు టైరు సైజు తేల్చుకోండి. చలికాలానికి నేనైతే 30 లేదా 32 అంటా, పట్టకపోతే 28. 25 అయితే ట్యూబ్‌లెస్ జోలికి పోకండి, ఎందుకంటే 25 టైరులో ఎక్కువ గాలి కొట్టాలి, గాలి ఒత్తిడి ఎక్కువైతే సీలెంట్ రంధ్రంలో నిలబడి గడ్డకట్టేలోపే బయటికి చిమ్మేస్తుంది, మీ వీపు మీద తెల్ల చారలు తప్ప ఏమీ మిగలదు. టైరు పెద్దదైతే గాలి తక్కువ, గాలి తక్కువైతే సీలెంట్‌కి పని తేలిక.

మూడోది: లోపలి వెడల్పు

బయటి వెడల్పు చూసి మోసపోకండి, మనకి కావాల్సింది లోపలి వెడల్పు, అంటే టైరు అంచులు కూర్చునే రెండు గోడల మధ్య దూరం. రిమ్ మీద స్టిక్కర్‌లో 622 ఎక్స్ 21 టీసీ అన్నట్టు ఉంటుంది. 622 అంటే టైరు అంచు కూర్చునే వ్యాసం, 700సీ చక్రాలన్నిటికీ అదే. 21 అంటే లోపలి వెడల్పు. టీసీ అంటే ట్యూబ్‌లెస్, గోడ పైన కొక్కెం ఉంది అని. టీఎస్ఎస్ అని ఉంటే ట్యూబ్‌లెస్సే గానీ కొక్కెం లేదు, గోడ నిటారుగా ఉంటుంది, దాన్నే హుక్‌లెస్ అంటారు. ముందు టీ లేకుండా ఉత్త సీ ఒక్కటే ఉంటే అది ట్యూబ్ రిమ్, టేప్ (రిమ్ లోపల స్పోకు రంధ్రాల్ని మూసే పట్టీ) చుట్టి ట్యూబ్‌లెస్ చేసేద్దాం అనుకోకండి, టైరు అంచుని పట్టి ఉంచే గట్టు అందులో ఉండదు, గాలి తగ్గగానే అంచు జారిపోతుంది.

28 టైరుకి 19 నుంచి 21, 30-32 టైరుకి 21 నుంచి 23, ఇంతే. 25 ఎంఎం లోపలి వెడల్పు ఉన్న రిమ్‌లు ఇప్పుడు ఫ్యాషన్, రేసుల్లో బాగానే ఉంటాయి, మడ్‌గార్డ్ బైక్‌కి అవసరం లేదు. డిటి స్విస్ ఆర్470 లాంటి మామూలు అల్యూమినియం రిమ్ 20 ఎంఎం, మావిక్ ఓపెన్ ప్రో యూఎస్‌టీ 19, చలికాలానికి ఇలాంటివే నాకిష్టం, చూడ్డానికి ఏమంత గొప్పగా ఉండవు, ఏ మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళినా పని తెలిసే ఉంటుంది.

నాలుగోది: కొక్కెం ఉండాలా వద్దా

ఈ విషయంలో ఆన్‌లైన్‌లో కొట్టుకు చచ్చిపోతుంటారు, నేను మాత్రం చలికాలానికి కొక్కెం ఉన్నదే తీస్కోమంటా. కారణాలు చెప్తా.

కొక్కెం లేని రిమ్‌లో రోడ్ టైరుకి గరిష్ఠంగా 5 బార్, అంటే 72.5 పీఎస్ఐ, అంతకు మించి కొట్టకూడదు, టైరుని మొదటిసారి రిమ్‌లో కూర్చోబెట్టేటప్పుడు కూడా. మీ బరువు 65, 70 కిలోలైతే ఇబ్బందేం లేదు. 90 దాటి, ఆఫీసు బ్యాగు వెనకేసుకుని, 28 టైరుతో వెళ్తే ఆ హద్దుకి దగ్గర దగ్గరగా ఉంటారు, ఇంట్లో పంపు మీటరు అయిదు పీఎస్ఐ అటూ ఇటూ చూపిస్తుంది, అది మర్చిపోకండి. పైగా కొక్కెం లేని రిమ్‌కి ఏ టైరు పడితే ఆ టైరు వేయకూడదు, రిమ్ కంపెనీ ఒప్పుకున్న టైర్ల లిస్టు ఉంటుంది, జయంట్, కాడెక్స్ లాంటివాళ్ళు అలాంటి లిస్టు పెడతారు. ట్యూబ్ పెట్టినా సరే టైరు ట్యూబ్‌లెస్‌దే అయ్యుండాలి. ఇప్పుడు ఆలోచించండి, జనవరిలో ఆదివారం టైరు చీలిపోయింది, దగ్గర్లో తెరిచున్న ఒక్క షాపులో ఒకే ఒక మామూలు టైరు ఉంది. కొక్కెం ఉన్న రిమ్ అయితే ట్యూబ్ పెట్టి అదే వేసుకుని ఇంటికెళ్తారు. లేకపోతే ట్రైనే.

2024 ఫిబ్రవరిలో యూఏఈ టూర్ రేసులో థామస్ డి గెంట్ అనే ప్రొఫెషనల్ రైడర్ ముందు టైరు హుక్‌లెస్ రిమ్ మీంచి ఊడి వచ్చి పడిపోయాడు, ఆ తర్వాత రైడర్ల సంఘం గట్టిగానే గొడవ చేసింది, 25 ఎంఎం లోపలి వెడల్పుకి 28 టైరు సరిపోతుందా అన్నది పెద్ద చర్చ అయింది. ఇప్పుడు ఆ జోడీకి కనీసం 29 అంటున్నారు. దీన్ని పట్టుకుని హుక్‌లెస్ అంతా ప్రమాదమే అని నేననను, లెక్క ప్రకారం వాడితే లక్షణంగా నడుస్తాయి, ఇప్పటికే మీ దగ్గర ఉంటే 30 పైన టైరు వేసి హాయిగా తొక్కండి. కొత్తగా కొనేవాళ్ళకి మాత్రం, ఒకే రేటుకి రెండూ దొరుకుతున్నప్పుడు, తలనొప్పి తక్కువున్నది తీసుకోండి అంతే.

అయిదోది, అసలైనది: నడిమి గాడి

రిమ్‌ని అడ్డంగా కోసినట్టు ఊహించుకోండి. రెండు పక్కలా గోడలు, గోడ పక్కనే టైరు అంచు కూర్చునే చదును, ఆ చదును చివర చిన్న గట్టు, మధ్యలో లోతుగా గాడి. గట్టు పని టైరు అంచు గాలి తగ్గినా జారకుండా పట్టుకోవడం. గాడి పని వేరే. టైరు అంచు చుట్టుకొలత సాగదు, అందులో దారం అలాంటిది, మరి అది రిమ్ గోడ మీదుగా ఎలా దాటుతుందంటే, అవతలి పక్క అంచుని ఈ గాడిలోకి దించితే ఇవతలి పక్క కాస్త వదులు వస్తుంది. గాడి లోతుగా ఉంటే వదులు ఎక్కువ, చేతులతో ఎక్కేస్తుంది. గాడి తక్కువ లోతుంటే లీవర్లు (టైరు ఊడదీసే చిన్న పుల్లలు) విరుగుతాయి, తిట్లు వస్తాయి.

కంపెనీలు గాడి లోతు స్పెసిఫికేషన్‌లో రాయవు, అందుకే చాలామంది దీన్ని చూడరు. మీరేం చేయాలంటే, షాపులో టైరు లేని రిమ్ అడిగి చూపుడువేలు లోపల పెట్టి చదును మీద నుంచి మధ్యకి జరపండి, వేలు స్పష్టంగా కిందకి దిగాలి. మధ్య భాగం దాదాపు చదునుగానే ఉంటే వదిలేయండి. ఆన్‌లైన్‌లో కొంటే రిమ్ కోత బొమ్మ వెతకండి, చాలా కంపెనీలు పెడతాయి. గట్టు కూడా చూడండి, మరీ ఎత్తుగా ఉంటే టైరు ఊడదీసేటప్పుడు అంచు దిగదు, నేల మీద పెట్టి బూటుతో తొక్కాల్సి వస్తుంది.

ఆ తర్వాత టేప్ సంగతి. ప్రతి పొర టేప్ గాడి లోతుని కొంచెం తగ్గిస్తుంది, చదును ఎత్తుని కొంచెం పెంచుతుంది, టైరు బిగుసుకుంటుంది. కాబట్టి రెండు మూడు చుట్లు వేస్తే లీకవదులే అనుకోకండి, ఒక చుట్టు, వాల్వ్ దగ్గర ఒక జానెడు ఎక్కువ, అంతే. టేప్ వెడల్పు లోపలి వెడల్పు కంటే 2 నుంచి 4 ఎంఎం ఎక్కువ ఉండాలి, 21 రిమ్‌కి 23 లేదా 25. టేప్ గాడిలోకి బొటనవేలితో నొక్కుకుంటూ, గట్టిగా లాగుతూ చుట్టాలి, కింద గాలి బుడగ ఉంటే అక్కడే నీళ్ళు చేరతాయి.

అసలు టేపే అక్కర్లేని రిమ్‌లు కూడా ఉన్నాయి. ఫుల్‌క్రమ్, కాంపాగ్నోలో వాళ్ళ టూ వే ఫిట్ రకం, మావిక్‌లో కొన్ని, లోపలి పక్క స్పోకు రంధ్రాలే ఉండవు, ఒక్క వాల్వ్ రంధ్రం తప్ప. చలికాలానికి ఇది నిజంగా వరం, టేప్ చిరగడం లేదు, సీలెంట్ లోపలికి ఇంకడం లేదు. ఒకటే ఇబ్బంది, వాటిలో చాలావాటికి స్పోకులు వాళ్ళ సొంత రకం, ఒకటి విరిగితే పక్కవీధి షాపులో దొరకదు, పార్ట్ వచ్చేదాకా బస్సెక్కాలి.

ఇక పరీక్ష. రిమ్ కొన్నాక, సీలెంట్ పోయకముందు, ఇంట్లో వెచ్చగా కూర్చుని మీరు వాడబోయే టైరుని ఎక్కించి గాలి కొట్టి టప్ టప్ మని కూర్చున్నాక, గాలి తీసేసి, లీవర్ లేకుండా ఊడదీయండి. ముందు చుట్టూ అంచుని రెండు పక్కలా గాడిలోకి నొక్కాలి. ఎక్కించేటప్పుడు వాల్వ్‌కి ఎదురుగా మొదలుపెట్టి వాల్వ్ దగ్గర ముగించండి, వాల్వ్ అడుగుభాగం గాడిలో అడ్డంగా కూర్చునుంటుంది కాబట్టి అక్కడ అంచు లోపలికి దిగదు, వదులు అంతా మిగతా చుట్టు నుంచే లాక్కు రావాలి. ఆ తర్వాత అదే పని పల్చటి గ్లోవ్స్ వేసుకుని చేయండి. ఇంట్లోనే చెమటలు పడితే రోడ్డు మీద ఆశ వదులుకోండి, రిమ్ వాపసు ఇచ్చేయండి లేదా టైరు మార్చి చూడండి, ఒక్కోసారి అదే రిమ్ మీద ఒక కంపెనీ టైరు బండలా ఉంటుంది, ఇంకోటి వెన్నలా ఎక్కుతుంది. లీవర్ వాడక తప్పకపోతే ప్లాస్టిక్‌దే, ఇనుపది టేప్ చింపేస్తుంది.

అల్యూమినియమా కార్బనా

డిస్క్ బ్రేక్ అయితే కార్బన్ వాడకూడదని రూలేం లేదు. కానీ గుంతలో పడితే అల్యూమినియం సొట్ట పోతుంది, కార్బన్ పగులుతుంది. చిన్న సొట్టని చాలాసార్లు జాగ్రత్తగా సరిచేసి ఇంటికి రావచ్చు, పగిలిన కార్బన్‌తో అలా కాదు, పైగా పగులు టేప్ కింద కనపడకుండా ఉండొచ్చు. లోతు 30 ఎంఎం లోపు చాలు, డిసెంబర్ గాలులకి లోతు రిమ్ ముందు చక్రం లారీ దాటినప్పుడల్లా పక్కకి లాగుతుంది. బరువు సంగతి ఎవరైనా ఎత్తితే నవ్వి ఊరుకోండి, మడ్‌గార్డులు, లైట్లు, రెండు జతల గ్లోవ్స్ వేసుకుని తిరిగే బైక్ మీద 150 గ్రాములు ఎవరు చూడొచ్చారు.

నిపుల్స్, స్పోకులు, హబ్

ఉప్పు దెబ్బ ఇక్కడే తగుల్తుంది. తేలికగా ఉంటాయని అల్యూమినియం నిపుల్స్ (స్పోకుని రిమ్‌కి బిగించే చిన్న నట్లు) పెడుతుంటారు, ఉప్పునీళ్ళు తగిలి తెల్ల పొడి కట్టి స్పోకుకి అతుక్కుపోతాయి, ఒకరోజు చక్రం సరిచేద్దామని తిప్పితే తల ఊడి చేతిలోకి వస్తుంది. కార్బన్ రిమ్‌లో అల్యూమినియం నిపుల్ అయితే ఇంకా త్వరగా, రెండు రకాల పదార్థాల మధ్య ఉప్పునీళ్ళు చేరితే తినేస్తుంది. ఇత్తడి నిపుల్స్ అడగండి. జత చక్రాల మీద ముప్పై గ్రాములో ఎంతో ఎక్కువ, అంతే తేడా. నిపుల్ తల రిమ్ బయట ఉండేది తీసుకోండి, లోపల దాచిన రకం అయితే సరిచేయడానికి టైరు, టేప్, సీలెంట్ అన్నీ విప్పాలి.

స్పోకులు స్టెయిన్‌లెస్, ముందు 24, వెనక 28 చాలు, బరువున్నవాళ్ళు 28, 32. హబ్‌లో కార్ట్రిడ్జ్ బేరింగ్, బయట మంచి రబ్బరు సీలు, ఎక్కడైనా దొరికే సైజు బేరింగ్. హంట్ వాళ్ళ ఫోర్ సీజన్ చక్రాలు ఇక్కడి చలికాలాన్ని దృష్టిలో పెట్టుకునే చేసినవి, రెడీమేడ్ కావాలంటే అలాంటివి చూడొచ్చు, లేదా మీ ఊళ్ళో చక్రాలు అల్లే మెకానిక్ ఉంటే పైన చెప్పిన రిమ్ ఇచ్చి అల్లించుకోండి, నాకు రెండోదే నచ్చుతుంది, తర్వాత రిపేరుకి అదే మనిషి దొరుకుతాడు.

వాల్వ్ విషయం పది సెకన్లలో: ఇత్తడిది కొనండి, రంగురంగుల అల్యూమినియం వాల్వులకి ఉప్పు వల్ల నట్టు పట్టేస్తుంది. ఆ నట్టు చేత్తోనే బిగించండి, ప్లయర్‌తో బిగిస్తే రోడ్డు మీద విప్పలేరు, విప్పకపోతే ట్యూబ్ పట్టదు.

కొన్నాక గాలి ఎంత

28 టైరు, 21 రిమ్, 70-75 కిలోల మనిషి అయితే 60 నుంచి 65 పీఎస్ఐ దగ్గర మొదలుపెట్టి, వెనక కన్నా ముందు రెండు మూడు తక్కువ పెట్టండి, తడిగా ఉంటే ఇంకో మూడు తగ్గించండి. 32 అయితే 50 చుట్టూ. ఒక చిన్న సంగతి, ఇంట్లో 20 డిగ్రీల్లో 60 కొట్టి బయట సున్నా డిగ్రీల్లోకి తీసుకెళ్తే కాసేపటికి అది 55 అవుతుంది, లీకేం కాదు, చల్లబడితే గాలి ఒత్తిడి తగ్గుతుంది. కాబట్టి షెడ్‌లోనే, బయటి చలిలోనే గాలి చూస్కోండి.

సీలెంట్ 28 టైరుకి 30 నుంచి 40 మిల్లీలీటర్లు, రెండు మూడు నెలలకోసారి చూసి కలపాలి. చలిలో అది త్వరగా ఎండదు నిజమే, కానీ చిక్కబడి మెల్లగా పారుతుంది, రంధ్రం మూసుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది, అందుకని చక్రాన్ని ముల్లు దిగిన వైపు కిందకి తిప్పి పెట్టి ఒక నిమిషం ఆగండి. అమోనియా ఎక్కువున్న సీలెంట్లు అల్యూమినియం రిమ్‌ని మెల్లగా తినేస్తాయి, డబ్బా మీద చదవండి. కొన్ని లేటెక్స్ సీలెంట్లు సీఓటూ సిలిండర్ (టైరులో గాలి నింపే చిన్న గ్యాస్ డబ్బా) చలికి అక్కడికక్కడే గడ్డకడతాయి, అందుకని చిన్న చేతి పంపు కూడా జేబులో ఉండాలి.

రోడ్డు మీద ట్యూబ్ పెట్టాల్సి వస్తే

ప్లగ్ (రంధ్రంలోకి దూర్చే రబ్బరు ముక్క) గుచ్చి చూడండి, చాలావాటికి అదే చాలు. ఆగకపోతే ట్యూబ్, అదీ మామూలు బ్యూటైల్ ట్యూబ్. వాల్వ్ తీసి పారేయకండి, జేబులో వేస్కోండి. ట్యూబ్ పెట్టేముందు టైరు లోపల చుట్టూ చెయ్యి పెట్టి తడమండి, ఇది మాత్రం మర్చిపోవద్దు. ట్యూబ్‌లెస్‌గా నెలల తరబడి తొక్కిన టైరులో సీలెంట్ మూసేసిన ముళ్ళు అరడజను దాకా అలాగే దిగబడి ఉంటాయి, మీకు తెలీదు కూడా, గాలి పోలేదు కాబట్టి. ట్యూబ్ పెట్టి గాలి కొట్టగానే అవన్నీ ఒకేసారి ట్యూబ్‌లోకి దిగుతాయి. గ్లోవ్ తీసి మెల్లగా వేలితో రాస్తే ఎండిన సీలెంట్ బొడిపెలు తగుల్తాయి, ఒక్కో బొడిపె కింద ఒక ముల్లు, గోటితోనో చిన్న ప్లయర్‌తోనో పీకేయండి. నవంబర్ నుంచి నెలకోసారి ఇంట్లోనే బయటి వైపు నుంచి టైరుని పరీక్షగా చూసి కోతల్లో ఇరుక్కున్న చెకుముకి పెచ్చులు తీసేస్తూ ఉంటే ఈ పని సగం తప్పుతుంది. టైరు ఎంపికలో కూడా ఇదే లెక్క, రేసు టైరు కాకుండా కాంటినెంటల్ జీపీ5000 ఆల్ సీజన్ టీఆర్, పిరెల్లి సింటురాటో లాంటి కాస్త మందం ఉన్నవి.

మంచు గడ్డకట్టిన ఉదయం మాత్రం ఏ రిమ్మూ, ఏ టైరూ కాపాడదు. ఉప్పు చల్లేది పెద్ద రోడ్ల మీద, బస్సు రూట్లలో, పల్లె సందుల్లో చల్లరు, చెట్ల నీడ ఉన్న మలుపులో నల్లటి గాజు పొరలా ఉంటుంది. ఆ రోజు ఇంట్లో టర్బో (బైక్ కదలకుండా తొక్కే ట్రైనర్) ఎక్కండి.

రైడ్ నుంచి వచ్చాక ఒక బకెట్ మామూలు నీళ్ళు చక్రాల మీద పోసి ఉప్పు కడిగేయండి, నిపుల్స్ దగ్గర ముఖ్యంగా. ప్రెషర్ వాషర్ హబ్ వైపు తిప్పకండి. రిమ్‌కి అడుగున నీళ్ళు కారే చిన్న రంధ్రం ఉంటే అది మట్టితో మూసుకుపోకుండా చూడండి, చక్రం ఊపితే లోపల నీళ్ళ చప్పుడు వచ్చిందంటే ఆ రంధ్రం కిందకి వచ్చేలా రాత్రంతా ఆనించి పెట్టండి.

సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళకి

మార్చి, ఏప్రిల్‌లో చలికాలం చక్రాలు అమ్మకానికి బాగా వస్తాయి, రేటు కూడా తగ్గుతుంది, వచ్చే ఏడాదికి అప్పుడే కొనిపెట్టుకోవచ్చు. వెళ్ళేటప్పుడు నిపుల్ కీ, చిన్న టార్చి తీసుకెళ్ళండి. చక్రం తిప్పి అంచు సొట్టలు చూడండి, టైరు అంచు కూర్చునే చదును మీద సొట్ట ఉంటే వద్దనేయండి, గాలి నిలవదు. నిపుల్స్ చుట్టూ తెల్ల పొడి ఉందా చూసి, అమ్మేవాళ్ళని అడిగి రెండు మూడు నిపుల్స్ పావు చుట్టు తిప్పి చూడండి, కదలకపోతే ఆ చక్రం ఇంకెప్పటికీ సరికాదు. చాలా పాత ట్యూబ్‌లెస్ రిమ్‌లు అయితే ఇంకో జాగ్రత్త, కంపెనీ కంపెనీకీ కొలత తేడాగా చేసిన రోజులవి, ఇప్పటి టైరు వాటి మీద మరీ వదులుగానో మరీ బిగుతుగానో ఉండొచ్చు, వీలైతే మీ టైరు వెంట తీసుకెళ్ళి అక్కడే ఎక్కించి చూడండి. కార్బన్ రిమ్ అయితే టేప్ తీసి లోపల చూపించమనండి, కొత్త టేప్ మీరే చుట్టిస్తానని చెప్పండి. దానికి ఒప్పుకోనివాళ్ళ దగ్గర కొనకండి.